ఆరంభబలమా, ఆరంభశూరత్వమా?

తెలుగువారిని గూర్చి ఒక పాతమాట వాడుకలో ఉన్నది. ఆంధ్రులు ఆరంభశూరులట. పని మొదలిడునప్పుడు కనబడు ఉత్సాహము నడుమకు వచ్చుసరికి చల్లారునని దాని భావము. ఈ మాటను పొరుగువారు అన్నచో నొచ్చుకొందుము. మనలో మనము అనుకొన్నప్పుడు నవ్వి ఊరకుందుము. అయితే, మొదలిడుటయందు శూరత్వము చూపుట తప్పా? భర్తృహరి నీతిశతకమునందు మనుష్యులను మూడు విధములుగా విభజించి చెప్పెను. ఆటంకములకు వెరచి పనికే పూనుకొననివారు అధములు. పూనుకొని, ఆటంకము రాగానే విడుచువారు మధ్యములు. ఎన్ని ఆటంకములు వచ్చినను విడువనివారు ఉత్తములు. ఈ లెక్కను బట్టి ఆరంభశూరుడు అధముడు కాడు, మధ్యముడు. ఉత్తముడగుటకు అతనికి ఒక్క మెట్టు మాత్రమే కొరత.

ఆ మెట్టు ఎట్టిది? నిలిచెడి ఆరంభమునకును, నిలువని ఆరంభమునకును భేదము ఎక్కడ ఉన్నది? ఈ ప్రశ్నకు సమాధానము పురాణములందును చరిత్రయందును వెదుకవచ్చును. కాని మా విద్యార్థులు సాయంకాలమగుసరికి పుస్తకముల సంచి గట్టునపెట్టి ఆటస్థలమునకు పరుగిడువారు కనుక, మేము ఈ పర్యాయము ఆటస్థలమునందే వెదుకదలచితిమి. అమెరికా దేశమున ఒక కళాశాల బాస్కెట్‌బాల్ జట్టు 1963వ సంవత్సరపు చివరి దినములలో తన సీజనును ఎట్లు ఆరంభించినదో, ఆ ఆరంభము ఎట్లు నిలిచినదో వివరింతుము.

ఆటను గూర్చి కొంత

బాస్కెట్‌బాల్ ఆట పుట్టిన దినములు మనకు స్పష్టముగా తెలియును. 1891 డిసెంబరులో అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రమున, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, వై.ఎం.సి.ఎ. వారి శిక్షణాలయములో ఉపాధ్యాయుడగు జేమ్స్ నైస్మిత్ దీనిని కల్పించెను. మంచు కురియు చలికాలమున విద్యార్థులు బయట ఆడలేరు కనుక ఇంటిలోపల ఆడదగిన ఆట కావలసివచ్చెను. ఆయన రెండు పీచుపండ్ల బుట్టలను 10 అడుగుల ఎత్తున కొట్టించి, 13 నిబంధనలు వ్రాసి, పిల్లలచేత ఆడించెను. బుట్టకు బదులు ఇనుపకడియమును వలయు వచ్చినవి గాని, ఆ 10 అడుగుల ఎత్తు నేటికిని మారలేదు.

మన దక్షిణదేశమునకు ఈ ఆట వై.ఎం.సి.ఎ. వారి ద్వారముననే వచ్చినది. 1920లో హ్యారీ క్రో బక్ మదరాసులో స్థాపించిన వ్యాయామ శిక్షణ కళాశాలలో చదివిన డ్రిల్లు మాస్టర్లు అనేక పాఠశాలలకు పోయి, కబడ్డీతోపాటు దీనిని గూడ పిల్లలకు నేర్పిరి. కనుక మన ప్రాంతమువారికి ఇది క్రొత్త ఆట కాదు.

గురి 10 అడుగుల ఎత్తున ఉండుటచేత ఈ ఆటలో పొడవైనవానికి సహజమైన లాభము కలదు. అతని చేయి కడియమునకు దగ్గర. గురి తప్పి కడియమునకు తగిలి వెనుకకు వచ్చిన బంతిని, అనగా రీబౌండును, అతడే ముందుగా అందుకొనును. మనము చెప్పబోవు జట్టునకు ఈ లాభము లేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథ అంతయు దానిచుట్టునే తిరుగును.

సీజను నడచు తీరు

అమెరికాలో కళాశాలల బాస్కెట్‌బాల్ సీజను నవంబరులో మొదలై మార్చి చివరకో, ఏప్రిల్ మొదటికో ముగియును. అందు మూడు అంకములు కలవు. నవంబరు, డిసెంబరు మాసములలో దూరప్రాంతముల జట్లతో పోటీలు జరుగును. జనవరి నుండి తమ మండలపు కళాశాలలతో లీగు ఆటలు ఆడవలెను. మార్చిలో దేశపు టోర్నమెంటు జరుగును. అందులో ఒక్కసారి ఓడినచో ఇంటికి పోవలసినదే. మొదటి మాసములలో ఓటమి కలిగినను దిద్దుకొనుటకు వ్యవధి ఉండును. మార్చిలో ఉండదు. పత్రికలవారు వారము వారము జట్లకు వరుససంఖ్యలిచ్చి అచ్చువేయుదురు గాని, ఆ సంఖ్యలవలన ఏ జట్టును విజేత కాజాలదు.

మన బడులకు ఇది కొంత పోలికగానే ఉండును. బడి తెరచిన నెలలో అందరి నోటుపుస్తకములును తెల్లగా, అట్టలతో మెరయుచుండును. వార్షికపరీక్షనాటి సంగతి వేరు.

పదునైదేండ్లు ఎదురుచూచిన శిక్షకుడు

లాస్ ఏంజలిస్ నగరములోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమును అక్కడివారు యు.సి.ఎల్.ఎ. అని పొడి అక్షరములతో పిలుతురు. ఆ విశ్వవిద్యాలయపు జట్టునకు 1948 నుండి శిక్షకుడుగా ఉన్నవాడు జాన్ ఉడెన్. ఈయన ఇండియానా రాష్ట్రమున పల్లెపట్టున 1910లో జన్మించెను. పర్డ్యూ విశ్వవిద్యాలయమున చదువుచు గొప్ప ఆటగాడని పేరుపొందెను. చదువునందును ఆటయందును ఒకేరీతి ప్రావీణ్యము చూపిన విద్యార్థికి ఇచ్చు పతకమును 1932లో గైకొనెను. పిమ్మట చాలకాలము ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడుగా పనిచేయుచు పిల్లలకు ఆటలు నేర్పెను. జీవితాంతము తన్నుతాను శిక్షకుడనని గాక, ఉపాధ్యాయుడననియే చెప్పుకొనుచుండెడివాడు.

ఈయన స్వభావమును తెలుపు సంగతి ఒకటి కలదు. 1947లో ఆయన ఇండియానా రాష్ట్ర ఉపాధ్యాయ కళాశాలలో ఉండగా, ఆయన జట్టునకు ఒక జాతీయ టోర్నమెంటునుండి పిలుపు వచ్చెను. నల్లజాతి ఆటగాండ్రు అందు ఆడరాదని నిబంధన. జట్టులో క్లారెన్స్ వాకర్ అను నల్లజాతి విద్యార్థి ఉండెను. అతడు లేకుండ మేము రామని ఉడెన్ ఆ పిలుపును తిరస్కరించెను. మరుసటి సంవత్సరము ఆ నిబంధన తొలగెను. వాకర్ ఆ టోర్నమెంటునందు ఆడెను.

ఉడెన్ లాస్ ఏంజలిస్ వచ్చిన పిదప 15 సంవత్సరములు గడచెను. ఆయన జట్టు ఏ సంవత్సరమును ఓటములే ఎక్కువైన సీజనును చూడలేదు గాని, దేశవిజేత మాత్రము కాలేదు. 1962లో టోర్నమెంటు సెమీఫైనలు వరకు పోయి సిన్సినాటి చేతిలో 72-70తో, అనగా ఒక్క బుట్ట తేడాతో ఓడెను. 1963లో అరిజోనా స్టేట్ జట్టు వారిని 93-79తో ఓడించెను. ఆడుకొనుటకు తగిన స్వంత మందిరమైనను వారికి లేదు. అభ్యాసము చేయునది మూడవ అంతస్తులోని పాత వ్యాయామశాల. అదే గదిలో కుస్తీవారును, జిమ్నాస్టిక్సువారును సాధన చేయుచుండిరి. ఉడెన్ స్వయముగా తడిగుడ్డ కఱ్ఱ పట్టుకొని నేల తుడుచుచుండెడివాడు. వారికి గొప్ప క్రీడామందిరము కట్టబడినది 1965లో, అనగా రెండు పర్యాయములు దేశవిజేతలైన పిమ్మటనే.

మంచి నేల లేదని, మంచి బంతి లేదని విచారపడు బడిపిల్లలు ఈ సంగతి ఎరిగి ఉండుట మేలు.

ఆ ఐదుగురు

1963-64 సీజనున ఆ జట్టులో మొదట దిగు ఐదుగురు వీరు: వాల్ట్ హజార్డ్, గేల్ గుడ్రిచ్, కీత్ ఎరిక్సన్, జాక్ హిర్ష్, ఫ్రెడ్ స్లాటర్. వీరిలో ఎవడును 6 అడుగుల 5 అంగుళములకు మించినవాడు కాడు. మన కంటికి అది చాల పొడవే గాని, అక్కడ 6 అడుగుల 10 అంగుళముల వారిని తెచ్చి కడియము క్రింద నిలువబెట్టు జట్లు ఉండెను. గుడ్రిచ్ ఎత్తు 6 అడుగుల 1 అంగుళము మాత్రమే.

వారు ఒకచోటివారు కారు. హజార్డ్ దేశపు తూర్పుకొననున్న ఫిలడెల్ఫియా వాడు. స్లాటర్ కాన్సస్ రాష్ట్రమువాడు. గుడ్రిచ్ లాస్ ఏంజలిస్ పిల్లవాడు. వారి వెనుక పిలుపుకొఱకు కూర్చుండు కెన్నీ వాషింగ్టన్ దక్షిణ కరొలైనా రాష్ట్రపు బోఫోర్ట్ పట్టణమునుండి బస్సెక్కి దేశము ఈ కొననుండి ఆ కొనకు వచ్చినవాడు. అతడు బయలుదేరిన నాటికి అతని స్వరాష్ట్రపు పెద్ద విశ్వవిద్యాలయములు నల్లజాతి విద్యార్థులను చేర్చుకొనుట లేదు. హజార్డు, స్లాటరు, వాషింగ్టను నల్లవారు. గుడ్రిచ్, హిర్ష్, ఎరిక్సన్ తెల్లవారు. ఆ రోజులలో అమెరికాలో అట్టి కలయిక సర్వసామాన్యము కాదు.

సీజనుకు ముందు ఈ జట్టు దేశవిజేత కాగలదని ఎంచినవారు అరుదు.

ఆరంభము ఎట్లుండెను

1963 నవంబరు చివర మొదటి ఆట జరిగెను. యు.సి.ఎల్.ఎ. వారు బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయమును 113-71తో ఓడించిరి. 42 పాయింట్ల తేడా! చూచినవారు ఆశ్చర్యపడిరి గాని, ఒక్క ఆటను బట్టి ఏమి చెప్పగలము? డిసెంబరు మొదటి వారమున వారు కాన్సస్ రాష్ట్రమునకు పోయి, పరదేశపు ప్రేక్షకుల కేకల నడుమ రెండు రాత్రులు వరుసగా ఆడిరి. కాన్సస్ స్టేట్ జట్టును 78-75తో, కాన్సస్ విశ్వవిద్యాలయ జట్టును 74-54తో గెలిచిరి. పిమ్మట బేలర్ జట్టుపై 112-61. డిసెంబరు చివర క్రిస్మసు సెలవులలో మిషిగన్ విశ్వవిద్యాలయము వచ్చెను. కాజీ రస్సెల్, బిల్ బంటిన్ వంటి మేటి ఆటగాండ్రు గలిగి, దేశమునందు అగ్రశ్రేణిలో లెక్కింపబడుచున్న జట్టు అది. దానిని 98-80తో ఓడించిరి. మరుసటి రాత్రి ఇల్లినాయ్ జట్టు గట్టిగా ఎదురునిలువగా 83-79తో బయటపడిరి.

ఆ నెలాఖరుకు 9 ఆటలు, 9 విజయములు. 1964 జనవరిలో పత్రికలవారు వారికి దేశమున మొదటి స్థానమిచ్చిరి.

పొట్టివారు ఇట్లు గెలుచుట ఎట్లు సంభవించినది? ఇది ఈ వ్యాసమునకు గుండెకాయ వంటి ప్రశ్న.

పది సెకండ్ల రహస్యము

బాస్కెట్‌బాల్ మైదానమును నడిమిగీత రెండుగా విభజించును. ఒక జట్టు బుట్టవేసిన పిదప, ఎదుటిజట్టు తన కొననున్న గీత వెలుపలినుండి బంతిని లోనికి విసరవలెను. దానికి 5 సెకండ్ల గడువు. పిమ్మట 10 సెకండ్లలోగా బంతిని నడిమిగీత దాటించవలెను. దాటింపలేనిచో బంతి ఎదుటివారి పాలగును. అమెరికా పురుషుల కళాశాలల ఆటలో నేటికిని ఇదే గడువు. మన బడులవారు అనుసరించు అంతర్జాతీయ నిబంధనలలో మాత్రము ఇప్పుడది 8 సెకండ్లు.

సాధారణముగా జట్లు ఈ గడువును లెక్కచేయవు. ఏలయన, బుట్టవేసినవారు వెంటనే వెనుకకు పరుగెత్తి తమ బుట్టవద్ద కాపు కాతురు. బంతి పట్టినవాడు నింపాదిగా నడచివచ్చును. ఆ కాలమున మరియొక సౌకర్యమును ఉండెను. ఇంత కాలములోగా బుట్టకు వేయవలెనను గడియారపు నియమము కళాశాలల ఆటలో 1985 వరకు లేదు. పొడవైన ఆటగాండ్రుగల జట్టు మెల్లగా బంతిని అటునిటు అందించుకొనుచు, కడియము క్రింద ఉన్న తమ పొడవరికి చేర్చి, సులభముగా బుట్ట వేయవచ్చును. ఆట ఎంత మెల్లగా నడచిన వారికి అంత లాభము.

ఉడెన్ వద్ద సహాయ శిక్షకుడుగా ఉన్న జెర్రీ నార్మన్ ఈ నింపాదిని చెడగొట్టవలెనని చెప్పెను. బుట్టవేసిన పిదప వెనుకకు పరుగెత్తక, ఎదుటివారి కొనయందే వారిని చుట్టుముట్టవలెను. ఈ పద్ధతికి ప్రెస్ అని పేరు. ఉడెన్ ఉన్నత పాఠశాలలో పనిచేయునాడే దీనిని వాడి ఎరుగును. 1963-64లో ఇరువురును కలిసి దీనిని జట్టునకు ప్రధానాయుధముగా చేసిరి.

ఐదుగురును మూడు వరుసలుగా నిలుతురు. ముందువరుసలో గుడ్రిచ్, స్లాటర్. రెండవ వరుసలో హజార్డ్, హిర్ష్. చిట్టచివర ఒంటరిగా ఎరిక్సన్. ముందువరుసవారు బంతి లోనికి వచ్చుటకు అడ్డుపడరు. వచ్చిన పిమ్మట దానిని అందుకొన్నవానిని మైదానపు అంచునకు నెట్టి ఇరువురు కమ్ముకొందురు. అంచుగీత మూడవ కాపరి వలె పనిచేయును. చిక్కుకొన్నవాడు గడువు మించిపోవుచున్నదని బెదరి, తలపైనుండి పొడుగాటి విసరు విసరును. అట్టి విసరు గాలిలో చాలసేపు ఉండును. ఈలోపున హజార్డో హిర్షో ఉరికి దానిని అందుకొనును. ఎవడైన తప్పించుకొని ముందుకు వచ్చినచో ఎరిక్సన్ కలడు. ఇద్దరు ముగ్గురు ఒక్కసారిగా మీదికి వచ్చినను ఎవరిని ఆపవలెనో, ఎవరిని విడువవలెనో రెప్పపాటులో నిశ్చయించుకొనవలసిన భారము అతనిది. అతడు ఆ సంవత్సరమే టోక్యో ఒలింపిక్సులో అమెరికా వాలీబాల్ జట్టునందు ఆడినవాడు. ఎత్తునకు ఎగురుటయందును, బంతి పోవు త్రోవను ముందుగా గుర్తించుటయందును ఆరితేరినవాడు.

ఈ ప్రెస్ వలన ప్రతిసారియు బంతి చిక్కునని అనుకొనరాదు. చాలసారులు ఎదుటివారు దాటిపోవుదురు. కాని దాటిపోవుటకు వారు పరుగెత్తవలసివచ్చును. నింపాదిగా ఆడదలచినవారు యు.సి.ఎల్.ఎ. వారి వేగముతో ఆడవలసివచ్చును. పొడవైన దేహము కడియము క్రింద నిలిచినంత సేపు బలము. మైదానము ఈ కొననుండి ఆ కొనకు 94 అడుగులు మాటిమాటికి పరుగెత్తవలసివచ్చినప్పుడు అదే భారమగును. ముప్పది నిమిషములు గడచుసరికి కాళ్లు బరువెక్కును, చేతులు తప్పులు చేయును. అట్టి సమయమున రెండు మూడు నిమిషములలో పది, పదునైదు పాయింట్లు వరుసగా పోవును. ఆ సీజనులో ఎన్నో ఆటలు ఇట్టి చిన్న గాలివాన వలననే తేలిపోయెను.

వేగమునకు వెనుక ఉన్నది

ఎదుటివారి కాళ్లు బరువెక్కువరకు తమ కాళ్లు తేలికగా ఉండవలెను గదా! ఇక్కడనే ఆరంభబలమునకు మూలము దొరకును. మొదటి ఆటలో 42 పాయింట్ల తేడాతో గెలిచిన జట్టు, మొదటి ఆటకు ముందు అనేక వారములు ఎవరును చూడని చోట పనిచేసినది.

ఉడెన్ ప్రతిదినమును అభ్యాసమునకు ముందు కూర్చుండి, ఆనాడు ఏ నిమిషమున ఏమి చేయవలెనో చిన్న అట్టముక్కలపై వ్రాసికొనెడివాడు. ఆ వ్రాతలను సంవత్సరములతరబడి భద్రపరచెడివాడు. అభ్యాసము సుమారు రెండు గంటలు. ఆ కాలములో ఒక్కడును ఊరక నిలువబడడు. సీజను మొదటి దినమున ఆయన చెప్పు మొదటి పాఠము బంతిని గూర్చినది కాదు. మేజోళ్లు ఎట్లు తొడుగవలెనో, బూట్ల త్రాళ్లు ఎట్లు బిగింపవలెనో చూపెడివాడు. మేజోడులో మడత ఉన్నచో పాదము బొబ్బలెక్కును. బొబ్బలెక్కినవాడు అభ్యాసము మానును. అభ్యాసము మానినవాడు ఆటలో తడబడును. ప్రఖ్యాతులైన యువకులు మొదట నవ్వుకొనిరట గాని, ఆయన చెప్పిన కారణములో తప్పు పట్టుటకు ఏమియు లేదు.

ఇంకొక నియమము. బుట్టవేసినవాడు తనకు బంతి అందించిన తోటివానివైపు చూచి తలయూపియో, వ్రేలుచూపియో కృతజ్ఞత తెలుపవలెను. పాయింట్ల పట్టికలో ఒక్కని పేరే ఎక్కును. పని ఇద్దరిది.

మంచి ఆరంభమును పరీక్షించుట

ఏ జట్టయినను మొదట నాలుగు ఆటలు గెలిచినచో మనము పొంగిపోవుదుము. ఆ పొంగు తగునా కాదా అని తెలిసికొనుటకు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను.

ఎవరిని గెలిచితిమి? బలహీనులను ఏరి ఆడినచో విజయసంఖ్య పెరుగును గాని బలము పెరుగదు. యు.సి.ఎల్.ఎ. వారు డిసెంబరులోనే మిషిగనును ఎదుర్కొనిరి. ఆ మిషిగను జట్టు ఆ సంవత్సరము టోర్నమెంటులో చివరి నాలుగు జట్లలో ఒకటి.

ఎక్కడ గెలిచితిమి? స్వంత ఊరిలో కేకలు మనవి. కాన్సస్ పోయి గెలిచిన 78-75 విజయము, ఇంటిలో గెలిచిన 113-71 కంటె విలువైనది.

ఎట్లు గెలిచితిమి? ఒక్కని చేతివాటము వలన గెలిచినచో, ఆ చేయి చెడిన దినమున ఓడుదుము. పద్ధతి వలన గెలిచినచో పద్ధతి రేపును ఉండును.

వెనుకబడినప్పుడు ఏమి చేసితిమి? ఇది అన్నిటికంటె ముఖ్యము. ముందున్నప్పుడు ప్రతివాడును ధైర్యవంతుడే.

మార్చి మాసపు పరీక్ష

మొదటి మూడు ప్రశ్నలకు డిసెంబరులోనే సమాధానము దొరకినది. నాలుగవదానికి మార్చి వరకు ఆగవలసివచ్చెను. లీగు ఆటలలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ జట్టుపై 58-56 వంటి గండములు గడచినవి. 26 ఆటలును గెలిచి టోర్నమెంటునకు చేరిరి. అక్కడ తేలికైన ఆట ఒక్కటియు లేదు. సియాటిల్‌పై 95-90. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు మొదటి సగమున వారిని వెనుకకు నెట్టినను చివరకు 76-72. సెమీఫైనలులో ఎదురైనది ఆ పాత కాన్సస్ స్టేట్ జట్టే. ఆట జరిగినది కాన్సస్ సిటీలో, అనగా ఎదుటివారి ఇంటిముంగిట. చివరి నిమిషములలో యు.సి.ఎల్.ఎ. వారు వెనుకబడి ఉండియు, వరుసగా పాయింట్లు చేసి 90-84తో గెలిచిరి.

1964 మార్చి 21వ తేదీ రాత్రి ఫైనలు. ఎదుట డ్యూక్ విశ్వవిద్యాలయము. వారికి 6 అడుగుల 10 అంగుళముల ఆటగాండ్రు ఇద్దరు. మొదటి సగమున డ్యూక్ వారు 30-27తో ముందుండిరి. అప్పుడు ఆ గాలివాన వీచెను. రెండున్నర నిమిషములలో యు.సి.ఎల్.ఎ. వారు వరుసగా 16 పాయింట్లు చేసిరి. డ్యూక్ వారికి ఒక్కటియు రాలేదు. 43-30! ఆట 98-83తో ముగిసెను. గుడ్రిచ్ 27 పాయింట్లు చేసెను. అతని వెనువెంటనే 26 పాయింట్లు చేసినవాడు ఎవరు? మొదట దిగు ఐదుగురిలో ఒకడు కాడు. బస్సెక్కి వచ్చిన కెన్నీ వాషింగ్టన్. సీజను పొడవునను ప్రక్కన కూర్చుండి పిలుపుకొఱకు వేచినవాడు, పిలిచిన దినమున సిద్ధముగా ఉండెను.

30 ఆటలు, 30 విజయములు. అంతకుముందు ఓటమి ఎరుగక దేశవిజేతలైన జట్లు రెండే: 1956లో శాన్ ఫ్రాన్సిస్కో, 1957లో ఉత్తర కరొలైనా. ఉడెన్ జట్లు 1964 నుండి 1975 వరకు 12 సంవత్సరములలో 10 పర్యాయములు దేశవిజేతలైనవి. ఆయన 2010లో 99 ఏండ్ల వయస్సున దివంగతుడయ్యెను.

నిలువని ఆరంభములు

మంచి ఆరంభమే చాలునని ఎవరైన అనుకొందురేమో, అందుకై ఈ లెక్కలు. 1979లో ఇండియానా స్టేట్ జట్టు 33 ఆటలు వరుసగా గెలిచి, ఫైనలులో మిషిగన్ స్టేట్ చేతిలో ఓడెను. 1991లో నెవాడా రాష్ట్రపు లాస్ వేగస్ జట్టు 34 గెలిచి, సెమీఫైనలులో డ్యూక్ చేతిలో 79-77తో ఓడెను. 2015లో కెంటకీ జట్టు 38 గెలిచి విస్కాన్సిన్ చేతిలో ఓడెను. 2021లో గొంజాగా జట్టు 31 గెలిచి ఫైనలులో బేలర్ చేతిలో ఓడెను. వీరు ఆరంభశూరులా? కారు. 38 ఆటలు గెలిచినవానిని ఆరంభశూరుడనుట అన్యాయము. వారు ఒక్క రాత్రి తమకంటె బాగుగా ఆడినవారిని ఎదుర్కొనిరి, అంతియే. ప్రయత్నమునకు మనము కర్తలము. ఫలము మన ఒక్కరి చేతిలో లేదు. కనుక ఓడినవానిని గేలిచేయక, ప్రయత్నము నడుమ మానినవానినే ఆరంభశూరుడని పిలువవలెను.

విద్యార్థులకును తల్లిదండ్రులకును

విద్యార్థులారా! మనది చిన్న బడి. అంతర పాఠశాలల పోటీలకు పోయినప్పుడు ఎదుట పెద్ద బడులవారు నిలుతురు. వారిలో ఏరుకొనుటకు వేయిమంది ఉందురు. మనలో కొలదిమందియే. వారు మాటలాడుకొను భాష వేరు, మనది వేరు. మన పొట్టితనము ఇది. దీనిని చూచి విచారించి లాభము లేదు. పొట్టివానికి తగిన పద్ధతి ఏదో వెదుకుకొనవలెను. ముందుగా మేల్కొనుట, ఎక్కువసేపు పరుగెత్తగలుగుట, ఒకరికొకరు బంతి అందించుకొనుట, ప్రక్కన కూర్చున్న దినమునను సిద్ధముగా ఉండుట: వీనిలో దేనికిని పెద్ద దేహముగాని, పెద్ద బడిగాని అక్కరలేదు. బాలురకు చెప్పిన ఈ మాటలు బాలికలకును వర్తించును.

తల్లిదండ్రులకు మా మనవి రెండు విషయములను గూర్చి. ఆట చదువునకు శత్రువని తలపకుడు. ప్రెస్ ముందువరుసలో నిలిచిన ఫ్రెడ్ స్లాటర్ తరువాత న్యాయశాస్త్రము చదివి న్యాయవాది అయ్యెను. హజార్డ్ 1964 ఒలింపిక్సులో స్వర్ణపతకము తెచ్చి, 1984లో తాను చదివిన విశ్వవిద్యాలయ జట్టునకే శిక్షకుడయ్యెను. సాయంకాలము ఒక గంట పరుగెత్తిన పిల్లవాడు రాత్రి ఒక గంట నిద్రతూగక చదువగలడు.

రెండవది ఇంకను ముఖ్యమైనది. ప్రతి సంవత్సరమును బడి తెరచినప్పుడు ఎందరో తల్లిదండ్రులు ఉత్సాహముతో తమ బిడ్డలను తెలుగు తరగతులలో చేర్పింతురు. ఇంట తెలుగు మాటలాడుదుము, బడిలో తెలుగు చదివింతుము అందురు. రెండు మూడు ఏండ్లు గడచుసరికి, ముందు చదువులకు కష్టమగునేమోనని, పొరుగువారు ఏమందురోనని సందేహము పుట్టును. నడుమ సంవత్సరములలో పిల్లలను వేరు బడికి మార్తురు. ఒక్క పిల్లవాడు పోయిన తరగతికి నష్టము కొంచెమే. పదుగురు పోయినచో ఆ తరగతియే నిలుచుట కష్టమగును. మిగిలినవారు ఐదుగురు ఆడవలసిన ఆటను ముగ్గురుగా ఆడవలసినవారగుదురు. ఇట్లనుటలో మేము ఎవరిని నిందించుట లేదు. బిడ్డల మేలుకోరియే వారు సందేహింతురని ఎరుగుదుము. బిడ్డను చేర్పించుటకు ముందే ఆ సందేహములన్నిటిని మా ఉపాధ్యాయులయెదుట పెట్టి, సమాధానములు పొంది, పిమ్మట నిశ్చయించుకొనుడని మాత్రము కోరుచున్నాము. ఉడెన్ మేజోడు మడతను మొదటి దినముననే సరిచేయించెను. ఆట నడుమ బొబ్బ లేచిన పిమ్మట కాదు.

ఈ సంవత్సరపు మన జట్టు అభ్యాసము ఆరంభించినది. తరగతులును ఆరంభమైనవి. ఆరంభశూరులని మనలను ఎవరైన అన్నచో కోపపడవద్దు. ఆరంభమయినదని ఒప్పుకొని, రేపటి అభ్యాసమునకు వేళకు పోదము.